మంద లెక్క అడిగినోళ్లు

నాకు కోపం ఎక్కువ. మా బడి పిల్లలకు తెలుసు, తోటి టీచర్లకు తెలుసు, మా ఆయనకైతే చెప్పనే అక్కర్లేదు. కోపం చల్లారాక రాద్దామని ఏడాదిగా ఆగాను. చల్లారలేదు. ఇక చల్లారదని అర్థమై ఇప్పుడు రాస్తున్నాను.

మాది గొర్రెలు కాసే ఇల్లు. తాండూరు నుంచి యాలాల్ దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్లలో ఒకటి మాది. నేను చదువుకుని పంతులమ్మనై తాండూరులో కాపురం పెట్టాను. బంట్వారం వైపు ఒక బడిలో పని. నాయిన మాత్రం మందను వదిలి రాలేదు. అమ్మ పోయాక ఆయన తిండి సంగతి చూసేవాళ్లు లేక, శనివారం సాయంత్రం నేనే ఊరికి పోతాను. వండిపెట్టి, బట్టలుతికి, సోమవారం మొదటి బస్సుకు తిరిగి వస్తాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా ఇళ్లల్లో మంద లెక్క నోటితో చెప్పరు. నాయినకు లెక్క తెలియక కాదు. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు ఒక్క పిల్ల తగ్గినా ఆయన కాలు అక్కడే ఆగిపోతుంది. కానీ లెక్క పైకి అంటే దిష్టి తగులుతుందని, మందకు రోగం వస్తుందని మా నమ్మకం. ఎవరైనా అడిగితే ఉన్నదాంట్లో సగమో ముప్పాతికో చెప్పి ఊరుకుంటారు. "ఉన్నయ్ తియ్, ఓ రెండిరవైలు" అంటారు. అడిగినవాడికి కూడా తెలుసు, అది లెక్క కాదని. నేను ఎమ్మే చదివాను. అయినా నాయిన మంద ఎంతో ఇప్పటిదాకా ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడు కాగితం మీద రాయాల్సి వస్తోంది. అదీ పోలీసుల పుణ్యమే.

మొన్న మొన్నటిదాకా మా ఊరికి పోలీసు అంటే ఒకే ఒక్క కానిస్టేబుల్. పాత బండి మీద వచ్చేవాడు. దొడ్డి దగ్గర గొంగడి పరిస్తే కూర్చుని చెంబెడు మజ్జిగ తాగేవాడు. దేవుడేం కాదు. పండగ వచ్చిందంటే ఒక కోడిని బండికి కట్టుకుని పోయేవాడు, నాయిన వెనక నుంచి తిట్టేవాడు కూడా. కానీ ఆయన "మంద మంచిగున్నదా?" అని అడిగేవాడే తప్ప, "ఎన్నున్నయ్?" అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. నాయిన ఆయనకు అన్నీ చెప్పేవాడు. ఊళ్లో కొత్తగా ఎవడు తిరుగుతున్నాడు, అంగట్లో ఎవడు అగ్గువకు మేకలమ్ముతున్నాడు, అన్నీ. గొర్రెల దొంగలు రెండుసార్లు దొరికారంటే అది నాయిన చెప్పిన మాటల వల్లే. ఆ కానిస్టేబుల్ రిటైరయ్యాడు. ఆయన జాగాలో మనిషి రాలేదు, సామాన్లు వచ్చాయి.

అది ఆదివారం. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. కుక్కలు ఒక్కసారిగా మొరిగితే లేచి తలుపు తీశాను. వాకిట్లో ఇనుప టోపీలు పెట్టుకుని, చేతుల్లో అద్దపు డాళ్లు పట్టుకుని నలుగురు నిలబడ్డారు. ఊరి చుట్టూ ఇంకెంతమందో. నిర్బంధ తనిఖీ అట. వికారాబాద్ నుంచి కూడా బండ్లు వచ్చాయట. మా ఊళ్లో కంది చేలున్నాయి, గొర్రెలున్నాయి, ముసలివాళ్లున్నారు. ఎవరి మీదికి వచ్చారయ్యా ఆ డాళ్లతో?

"ఏయ్, లోపల ఎంతమంది ఉన్నరు? అందరు బయటికి రావాలె!" అన్నాడొకడు.

"ఏయ్ ఏంది? నేను టీచర్ను" అన్నాను. వెంటనే "మేడమ్" అయిపోయాను. ఆ మాటతో నాకు ఇంకా ఒళ్లు మండింది. నేను పంతులమ్మను కాకపోతే ఏయ్ అన్నమాట.

ఇంట్లో చొరబడి బియ్యం డబ్బా దాకా వెతికారు. మూలకున్న గొడ్డలి, గొర్రెలకు చెట్టు మీది ఆకు కోసే దోటి, గోడకు వేలాడే రెండు కొడవళ్లు పట్టుకుపోయారు. ఊరందరి దగ్గరా అలాంటివే ఏరుకొచ్చి పంచాయతీ ఆఫీసు ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పేర్చారు. పక్కన కాగితాల్లేని బండ్లు, ఎవరింట్లోనో దొరికిన ఆరు మందు సీసాలు. కొండను తవ్వి ఎలుకను పట్టారు. ఆ ఎలుకకూ ఫోటో తీశారు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో కింద "మారణాయుధాలు" అని పడింది. మా నాయిన దోటి మారణాయుధం!

తర్వాత ఎస్సై దొడ్డి దగ్గరికి వచ్చాడు. కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. ఛాతీ మీద కెమెరా ఒకటి ఎర్రగా మినుకుమంటోంది. చేతిలో ట్యాబు. నాయిన చేత వేలిముద్రల మిషన్ మీద బొటనవేలు పెట్టించాడు. అది తీసుకోలేదు. తాళ్లు లాగి, ఉన్ని కత్తిరించి అరిగిపోయిన వేలు, అందులో గీతలెక్కడివి? మూడుసార్లు పెట్టించి, వేలును తన చేత్తోనే పట్టుకుని గట్టిగా నొక్కించాడు.

"మందల ఎన్ని గొర్రెలున్నయ్?" అని అడిగాడు ఎస్సై.

"ఉన్నయ్ సార్. ఓ రెండిరవైలుంటయ్" అన్నాడు నాయిన.

నలభై అని ట్యాబులో కొట్టాడు. నేను అక్కడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట కదా, తప్పుగా అనిపించనే లేదు.

అంతలో నెత్తి మీద జోరీగల గుంపు వచ్చినట్టు చప్పుడు. డ్రోన్. గొర్రెలు ఎన్నడూ విననిది. ఒకదాని మీద ఒకటి ఎక్కి ముళ్లకంప తోసుకుని సగం మంద బయటపడింది. నాయిన "హుయ్ హుయ్" అంటూ పరిగెత్తాడు, ఆ వయసులో, ఉత్త కాళ్లతో. ఎస్సై మాత్రం డ్రోన్ పంపిన బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టించాడు.

"నలభై అంటివి. అరవై మూడున్నయ్. ఇరవై మూడు ఎవరియి?"

నాయిన బిక్కమొహం వేశాడు. తన మంద లెక్కను వాకిట్లో నిలబడి ఒక మనిషి అంత గట్టిగా అరవడం ఆయన జన్మలో వినలేదు.

"అన్ని నాయే సార్."

"మరి నలభై ఎందుకన్నవ్?"

నేను ముందుకు పోయి మొత్తం చెప్పాను. మా ఆచారం ఇది, అడిగితే అట్లాగే చెప్తారు, ఏ కాపరిని అడిగినా ఇంతే, కావాలంటే పక్క ఊరిలో కనుక్కోండి అని. శాంతంగానే చెప్పాను, నమ్మండి.

"మేడమ్, చదువుకున్నవాళ్లు, మీరు కూడా ఇట్ల మాట్లాడితే ఎట్ల? ఆఫీసర్ అడిగితే అబద్ధం చెప్పొచ్చా?" అన్నాడతను. "బోర్డర్ అవతల కర్ణాటకల పదిహేను గొర్రెలు పోయినయని కంప్లైంట్ ఉన్నది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే మీ నాయిన భుజాలు తడుముకుంటున్నడు."

"పోయినవి పదిహేనైతే ఇరవై మూడు ఎందుకు పట్టుకుంటారు?" అన్నాను.

"మిగిలినయ్ ఇంకో కేసుల ఉండొచ్చు" అన్నాడు. ఛాతీ మీది కెమెరా నా మొహం మీదే ఉంది.

ఇరవై మూడింటిని వ్యాను ఎక్కించారు. ఏవి పడితే అవి. మిగతావి డ్రోన్‌కు బెదిరి చెల్లాచెదురయ్యాయి గానీ, ఈనిన గొర్రెలు మాత్రం కదల్లేదు. వాటి పిల్లలు దడి లోపల ఉన్నాయి కదా, వాటిని వదిలి ఎక్కడికి పోతాయి? దడి చుట్టూ అరుస్తూ నిలబడ్డాయి. చేతికందినవి అవే. అంటే పాలిచ్చే తల్లులన్నీ వ్యానులో పోయాయి, పది రోజులు నిండని పిల్లలు ఇంట్లో మిగిలాయి. ఆ తల్లులు రెండు మూడు రోజుల్లో రాకపోతే పిల్లలు బతకవు. నాయినకు అదొక్కటే ఫికర్. దొంగ అన్నారన్న బాధ కూడా ఆయనకు తర్వాతే.

ఏ స్టేషనో రాయను. పేరు రాస్తే నాకు ఇంకో తనిఖీ. స్టేషన్ ఆవరణలో, పట్టుకొచ్చిన బండ్ల మధ్య, గొలుసు వేసిన గేటు లోపల మా గొర్రెలు నిలబడ్డాయి. మధ్యాహ్నానికే పొదుగులు రాళ్లలా అయ్యాయి. పిల్లలను ఆటోలో తెచ్చి ఒక్కసారి పాలు తాగించి తీసుకుపోతామని నేను బతిమాలాను.

"ఇది స్టేషన్ అనుకుంటున్నరా, పశువుల దొడ్డా?" అన్నాడు ఎస్సై.

"దొడ్డి చేసింది మీరే కదా!" అన్నాను.

నా నోరు మంచిది కాదు. నాయిన నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఊకో బిడ్డా, జర ఊకో. వాళ్లకు కోపమొస్తే ఇంకింత ఆలస్యం జేస్తరు."

రెండు రోజులు సెలవు పెట్టి సోమవారం వికారాబాద్ పోయాను. ఒక పెద్దాఫీసులో వరుసలో నిలబడి అర్జీ ఇచ్చాను. ముద్ర వేసి చీటీ చేతికిచ్చారు. "ఎక్కడికి పంపుతారు?" అంటే అదే స్టేషన్‌కు అన్నారు. పిల్లి మీద ఎలుక ఇచ్చిన ఫిర్యాదు పిల్లికే చేరింది.

ఆ రెండు రోజులూ పిల్లలను కాపాడింది మా పక్కింటి అత్త. మొగుడు పోయిన మనిషి, నాలుగు మేకల మీద బతుకుతుంది. నాలుగంటే నాలుగే అనుకోకండి, ఆమె కూడా లెక్క చెప్పదు. నాయినను అన్నా అంటుంది. తన మేకల పాలు పిండి, సీసాకు గుడ్డపేలిక కట్టి, ఒక్కో గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని తాగించింది. తన మేకపిల్లలకు తక్కువ చేసి మరీ తాగించింది. "నువ్వు పరేషాన్ గాకు అన్నా, నేనున్న గద" అంది. అయినా చాలలేదు. సోమవారం ఒకటి, మంగళవారం పొద్దున రెండు పోయాయి. నాయిన వాటిని గుట్ట పక్కన పాతిపెట్టి, చేతులు కడుక్కోకుండానే స్టేషన్‌కు బయల్దేరాడు.

మంగళవారం మధ్యాహ్నానికి బోర్డర్ అవతలి నుంచి ఫిర్యాదు ఇచ్చిన కాపరిని పిలిపించారు. మా నాయిన వయసే, అదే గొంగడి, అవే చెప్పులు. గొర్రెల వైపు ఒక్కసారి చూశాడు. దగ్గరికి కూడా పోలేదు.

"ఇవు నమ్మవల్ల సార్" అన్నాడు కన్నడలో. మావి కావని.

"సరిగ్గ చూడు" అన్నాడు ఎస్సై.

ఆయన చూడలేదు. గేటు దగ్గర నిలబడ్డ నాయిన దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు, అయినా ఏదో చెప్పుకున్నారు. నాయిన తల ఊపాడు. తర్వాత నాయిన చెప్పాడు, ఆ పెద్దమనిషివి పోయింది పదిహేను కాదట, ఇరవై పైనేనట. పోలీసులకు కూడా సరైన లెక్క చెప్పలేకపోయాడు పాపం. ఆ మాట అప్పుడే తెలిసుంటే నేను ఎస్సై మొహం మీదే అనేదాన్ని.

ఇక గేటు తీస్తారనుకున్నాం. తియ్యలేదు. ఎస్సై ఫోన్ తీసి ఒక కానిస్టేబుల్ చేతికిచ్చాడు.

"పెద్దయ్యా, ఇటు నిలబడు. గొర్రెలు వెనక కనపడాలె. పోలీసోళ్లు మంచిగ చూసుకున్నరు, నా గొర్రెలు నాకు అప్పజెప్పిన్రు, చాన థ్యాంక్స్ అని చెప్పు."

నాయిన నా వైపు చూశాడు. లోపల గొర్రెలు అరుస్తున్నాయి. ఒకదాని పొదుగు నుంచి పాలు సిమెంటు నేల మీదికి కారిపోతున్నాయి. ఇంటి దగ్గర పిల్లలకు ఆ పూట అత్త ఏం తాగించిందో తెలియదు. నేను, ఇంత కోపిష్టిదాన్ని, నోరు మూసుకుని తల దించుకున్నాను. నాయిన చేతులు జోడించి చెప్పాడు. గొంతు సరిగ్గా వినపడలేదని రెండోసారి చెప్పించారు. అప్పుడు గొలుసు తీశారు.

ఆ వీడియో మీరు కూడా చూసే ఉంటారు. "తప్పిపోయిన గొర్రెలను కాపరికి అప్పగించిన పోలీసులు" అని, వెనక పాట ఒకటి పెట్టి, అంతా తిప్పారు. మా బడి గ్రూపులో ఒక టీచరమ్మ పెట్టి, "మీ నాన్నగారే కదా! మన పోలీసులు ఎంత మంచివాళ్లో" అని దండం బొమ్మ పెట్టింది. ఆమె తప్పేముంది? చచ్చిన మూడు పిల్లలు వీడియోలో లేవు. నేను ఫోన్ విసిరికొట్టాను. అద్దం పగిలింది, కోపం అట్లాగే ఉంది.

రెండు నెలలకు దొంగలు నిజంగానే వచ్చారు. పట్టపగలు. అత్త రోడ్డు పక్కన మేకలను మేపుతూ, నీళ్లు తాగడానికి బోరు దగ్గరికి పోయింది. తిరిగొచ్చేసరికి ఒక్క మేకా లేదు. నాయిన పైచేను గట్టు మీద ఉండి చూశాడు. తెల్ల కారు, వెనక అద్దం లేక గోనెసంచి కట్టి ఉంది. మేకలను కాళ్లు పట్టి లోపలికి విసిరారు. ఈయన కేకలేస్తూ దిగొచ్చేలోగా పోయింది. అందులో ఒకడి మొహం నాయినకు తెలుసు. అంగట్లో బేరాలాడే మనిషి. అది ఆదివారం పొద్దున. ఇదంతా మధ్యాహ్నం అన్నం తింటూ నాకు చెప్పాడు. నేను చెయ్యి కడుక్కోకముందే వాకిట్లో జీపు ఆగింది.

అదే ఎస్సై. అదే ట్యాబు. వెనకాల అత్త నిలబడింది, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి.

"పెద్దయ్యా, నువ్వు మన మనిషివే కదా" అని నాయిన భుజం మీద చెయ్యి వేశాడతను. "నువ్వు అక్కడనే ఉన్నవంట. ఏం చూసినవ్?"

నాయిన భుజాన్ని మెల్లగా పక్కకు జరుపుకున్నాడు. "నేనేం చూడలె సార్."

"కారు గానీ, మనుషులు గానీ?"

"నాకు కండ్లు సరిగ కనపడవు."

ఎస్సై నా వైపు తిరిగాడు. "మేడమ్, మీకేమన్న చెప్పిండా?"

అత్త నన్నే చూస్తోంది. నాకు తెలుసు, నిమిషం కింద విన్నాను, ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే నాయిన మళ్లీ ఆ గేటు లోపలికి పోవాలి, సాక్షి అని రేపొక కాగితం, ఎల్లుండి ఒక వేలిముద్ర, మధ్యలో ఏది తప్పినా మళ్లీ దొంగ. "లేదు" అన్నాను. ఇది మంద లెక్క కాదు, ఆచారమూ కాదు. బడిలో పిల్లలు చెప్తే చెవి మెలిపెట్టే అబద్ధం.

జీపు పోయాక అత్త గడప దగ్గరే నిలబడింది.

"నువ్వు చూసినవన్నా. నాకు చెప్పినవ్ గద పొద్దున."

"చూసిన చెల్లె."

"మరి గాళ్లకెందుకు చెప్పవ్?"

"గా గేట్లకు నేను పోను. నా పానం పోయినా పోను. నీకు నా మందల నుంచి పది పిల్లలిస్త. నచ్చినయ్ ఏరుకో."

"నాకు నీ గొర్లొద్దన్నా. నోరిప్పు."

నాయిన ఇప్పలేదు. అత్త మీది కోపం దుత్త మీద తీర్చడమంటారే, మేము ఎస్సై మీది కోపం ఆమె మేకల మీద తీర్చాం. నాయినను నేను తప్పుపట్టలేను. పట్టకుండానూ ఉండలేను. ఆ కోపంలో సగం ఇప్పుడు నా మీదికే తిరిగింది, మిగతా సగం మాత్రం ఆ జీపు వెనకే పోయింది. అది వాళ్లది, వాళ్ల దగ్గరే ఉండనీ.

మేకలు దొరకలేదు. అత్త ఇప్పుడు తాండూరులో బండల పాలిషింగు దగ్గర కూలికి పోతోంది. సోమవారం మొదటి బస్సులో ఇద్దరం కలుస్తాం. నేను జరిగి "రా అత్తా, కూసో" అంటాను. పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. ఆమె కడ్డీ పట్టుకుని తాండూరు దాకా నిలబడే వస్తుంది.